అత్తయ్యకి పాము కరిచిన రాత్రి: మా ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీకి నేనిచ్చే మార్కులు 5కి 4

ముందే చెప్పేస్తున్నా, ఆసుపత్రి పేరు రాయడం లేదు. అక్కడ ప్రాణం పెట్టి చూసినవాళ్ళున్నారు, చెయ్యి చాచి డబ్బులడిగినవాళ్ళూ ఉన్నారు, పేరు రాస్తే రేపు మాటపడేది మొదటివాళ్ళే. కృష్ణా డెల్టాలో మా ఊరికి 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏరియా ఆసుపత్రి, అంతవరకు చాలు. పెద్ద బిల్డింగేమీ కాదు, పగలు ఓపీకి జనం కిటకిటలాడతారు, రాత్రయితే క్యాజువాలిటీ, కాన్పుల వార్డు తప్ప మిగతా అంతా చీకటి. ఇలాంటివి మన రెండు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి, మీ దగ్గర్లో ఉన్నదాన్ని మనసులో పెట్టుకుని చదవండి. చదివాక కనీసం అది ఎక్కడుందో, రాత్రిపూట ఏ గేటు తీసి ఉంటుందో ఒకసారి చూసి రండి.

జరిగింది పోయిన ఆగస్టులో. రెండు రోజులు ముసురు పట్టి ఆ సాయంత్రమే కాస్త తెరిపిచ్చింది. ఆరుంపావు అయి ఉంటుంది, నీళ్ళు కాచుకుందామని అత్తయ్య పాకలో పిడకల కుప్పలోకి చెయ్యి పెట్టింది. "అమ్మాయ్, ఏదో కరిచిందే" అంటూ చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. కుడిచేతి చూపుడు వేలు మీద రెండు చుక్కలు, వాటి నుంచి సన్నగా రక్తం. మావయ్య టార్చి వేసి చూస్తే పిడకల మధ్య లావుగా, ఒంటినిండా గొలుసు మచ్చలతో చుట్ట చుట్టుకుని ఉంది, కుక్కర్లోంచి ఆవిరి తన్నుకొస్తున్నట్టు ఒకటే బుస. రక్తపింజర. మా వైపు దాన్ని గుర్తుపట్టలేనివాళ్ళు ఉండరు.

ఐదు నిమిషాల్లో వాకిలి నిండిపోయింది. ఒకరు బ్లేడు తెమ్మంటారు, ఒకరు వేపాకు నమిలించి చేదు తెలుస్తుందో లేదో చూడమంటారు, పక్క ఊళ్ళో మంత్రం వేసే ఆయన దగ్గరికి బండి మీద పది నిమిషాల్లో వెళ్ళొచ్చు కదా అని ఇంకొకరు. అందరూ ప్రేమతో చెప్పేవాళ్ళే, వాళ్ళని తప్పుపట్టను, ఎందుకంటే అందరి ఇళ్ళల్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంది. నేను వారించేలోపే ఎవరో తువ్వాలు చింపి మోచేతి పైన బిగించి కట్టేశారు. కొయ్యడం మాత్రం ఆపగలిగాను. పక్కింటి అబ్బాయి కారు తీశాడు కాబట్టి 108కి ఫోన్ చేయలేదు. మీకు బండి దొరక్కపోతే ఆలోచించకుండా 108కే చెయ్యండి. 2005 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచి అది పైసా తీసుకోని సర్వీసు, లోపల ఆక్సిజన్ ఉంటుంది, దారిలో చూసుకునే మనిషి ఉంటాడు, టూవీలర్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళడం కంటే వెయ్యి రెట్లు మేలు.

కారులో కూర్చున్నాక అసలు గొడవ మొదలైంది. మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి ఫోన్. "వదినా, ఆ గవర్నమెంటు ఆసుపత్రిలో ఏముంటుంది, నేరుగా విజయవాడ తీసుకెళ్ళిపోండి, డబ్బులు నేను వేస్తాను" అంటుంది. తల్లి మీద బెంగ, తప్పులేదు. చెన్నైలో ఉన్న మా ఆయనదీ అదే మాట. విజయవాడ అంటే మాకు వానాకాలం రోడ్ల మీద గంటన్నర పైమాటే. వెనక సీట్లో అత్తయ్య చెయ్యి నా ఒళ్ళో ఉంది. వేలు అప్పటికే బొటనవేలంత లావయింది, అరచెయ్యి వెనకభాగం నిగనిగలాడుతూ ఉబ్బుతోంది. ఆవిడ ఉమ్మిన చోట చీరకొంగు మీద ఎర్రగా పడింది, చిగుళ్ళలోంచి రక్తం. ఆ కొంగు చూశాక ఇంక నాకు సందేహం లేదు. "ముందు ఏరియా ఆసుపత్రికి, ఆ తర్వాత వాళ్ళు ఎక్కడికి పంపిస్తే అక్కడికి" అని ఫోన్ పెట్టేశాను. కోడలు తీసుకోవాల్సిన నిర్ణయం కాదని తర్వాత చుట్టాల్లో ఒకరిద్దరు అన్నారు, అననీ. ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఆ ఫోన్ కాలే. చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతుంది, చేతిలో ఉన్న ఆసుపత్రిని దాటుకుని, దూరాన ఉన్న పెద్ద పేరు కోసం విలువైన గంటన్నర రోడ్డు మీద పోగొట్టుకుంటారు.

7 గంటలకి పది నిమిషాల ముందు చేరాం. మెయిన్ గేటుకి తాళం. రాత్రి పక్కసందులో ఉన్న చిన్న గేటు నుంచి రావాలట, ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటి లేదు. టీ కొట్టాయన చెయ్యి చూపిస్తే కారు మళ్ళీ తిప్పుకుని వెళ్ళాం. నాలుగు నిమిషాలు పోయాయి. మామూలు జ్వరానికైతే నాలుగు నిమిషాలు లెక్కకాదు. ఇందుకే ఒక మార్కులో సగం తీసేశాను, ఒక రేకు మీద బాణం గుర్తు వేయించడానికి ఎంతవుతుంది?

లోపలికి వెళ్ళాక మాత్రం ఎవరూ "ఓపీ చీటీ ఏది" అనలేదు. క్యాజువాలిటీ అంటే ఒక పొడుగాటి గది, నాలుగు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, మందుల బీరువా, గోడ గడియారం. పాముకాటు అనగానే డ్యూటీ సిస్టర్ కూర్చున్నచోటు నుంచి లేచి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మొదటి మాటే "ఎన్నింటికి కరిచింది?" రెండో మాట "కట్టు ఎవరు కట్టారు?" మావయ్య ఆ కట్టు విప్పబోతే గట్టిగా అరిచింది, "విప్పకండి నాన్నగారూ, ముందు సెలైన్ ఎక్కనివ్వండి." బిగించిన కట్టు ఒక్కసారిగా విప్పితే ఆగిన విషం అంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్తుందట. అసలు కట్టకూడదు, కట్టాక మాత్రం ఆసుపత్రిలోనే, మందు సిద్ధంగా ఉన్నప్పుడే మెల్లగా విప్పాలి. ఎడమచేతికి సూది పెట్టి, సెలైన్ తగిలించాక ఒక్కో ముడీ సడలించింది.

ఆ తర్వాత గాజులు. అత్తయ్య కుడిచేతికి ఎనిమిది మట్టిగాజులున్నాయి, శ్రావణమాసం వ్రతానికి కొత్తగా వేయించుకున్నవి. వాపు మణికట్టు దాకా వచ్చేసింది, ఇంకో పావుగంటలో అవి చేతిలోకి దిగబడి రక్తం ఆడకుండా చేస్తాయి. తీయాలి అనగానే అంత నొప్పిలోనూ అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కుంది. మనవాళ్ళకి తెలుసు, మావయ్య ఎదురుగా నిలబడి ఉండగా ఆవిడ చేతి గాజులు పగలగొట్టడమంటే ఆవిడకి పాముకాటు కంటే పెద్ద దెబ్బ. పక్కనున్న ఎమ్ఎన్ఓ, అంటే నర్సుకి సాయం చేసే అతను, అప్పటికే కత్తెరలాంటిది తెచ్చాడు. సిస్టర్ దాన్ని పక్కన పెట్టించి, "పగలగొట్టను పెద్దమ్మా, ఒక్కటి కూడా పగలదు, నా మీద నమ్మకం ఉంచు" అని, చేతులు కడుక్కునే సబ్బు తెచ్చి, సెలైన్ నీళ్ళతో నురగ చేసి, ఉబ్బిన చేతి మీద రాసి, బొటనవేలిని లోపలికి మడిచి, ఒక్కొక్క గాజునీ తిప్పుతూ తిప్పుతూ లాగింది. ఐదోదాని దగ్గర అత్తయ్య కేక పెట్టింది. ఆగి, మళ్ళీ సబ్బు రాసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎనిమిదీ వచ్చాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వాటిని దూదిలో చుట్టి, కాగితం పొట్లం కట్టి, మీద మంచం నంబరు రాసి బీరువా పై అరలో పెట్టింది. ఆ రెండు నిమిషాలకే నేను మిగతావన్నీ క్షమించేసి 5కి 5 ఇవ్వాలనుకున్నాను, ఆగాను, ఎందుకంటే రివ్యూ చదివి వెళ్ళేవాళ్ళకి అన్నీ తెలియాలి.

డ్యూటీ డాక్టరు గారు వచ్చి చూసి, రక్తం తీయించారు. రెండు ఎంఎల్ రక్తం ఒక పొడి గాజు ట్యూబులో పోసి, కిటికీ పక్క బల్ల మీద నిలబెట్టి, "ఇరవై నిమిషాలు ఆ బల్లని ఎవరూ తాకొద్దు" అన్నారు. ఇదే పరీక్ష. మిషన్ లేదు, కరెంటు అక్కర్లేదు. మామూలు మనిషి రక్తం ఇరవై నిమిషాల్లో గడ్డకడుతుంది, ట్యూబు వంచినా కదలదు. రక్తపింజర విషం ఎక్కితే గడ్డకట్టదు. ట్యూబు కొత్త గాజుదే కావాలి, ప్లాస్టిక్‌దీ, సబ్బుతో కడిగినదీ పనికిరావు, ఫలితం తప్పుగా వస్తుందని సిస్టర్ చెప్పింది. నేను గోడ గడియారం, ట్యూబు, అత్తయ్య మొహం, ఈ మూడింటినీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. ఏడున్నర ప్రాంతంలో సిస్టర్ ట్యూబుని రెండు వేళ్ళతో ఎత్తి మెల్లగా వంచింది. నీళ్ళలాగా జారిపోయింది. ఎర్రటి నీళ్ళు. అంతే, డాక్టరు గారు "ఏఎస్‌వీ పది" అన్నారు.

ఏఎస్‌వీ అంటే పాము విషానికి విరుగుడు మందు. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన విరుగుడుని శుద్ధి చేసి తయారు చేస్తారు. మన దేశంలో దొరికేది నాలుగు పాములకి కలిపి ఒకటే మందు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకనేలల్లో ఎక్కువగా ఉండే చిన్న పింజర. అందుకే పామును చంపి తీసుకురానక్కర్లేదు. మా ఊరి కుర్రాళ్ళు వెనకాలే బండి మీద దాన్ని చంపి సంచిలో వేసుకుని వచ్చారు, పాపం ఎంత సాహసం చేశారో, డాక్టరు గారు సంచి వైపు చూడను కూడా లేదు. "రెండోవాడిని కూడా కరిచి ఉంటే ఇద్దరికి మందు వెయ్యాల్సి వచ్చేది, ఇంకెప్పుడూ చెయ్యకండి" అని మందలించారు. దూరం నుంచి ఫోన్లో ఫోటో తీయగలిగితే సరే, లేకపోతే కరిచిన మనిషి లక్షణాలను బట్టే డాక్టర్లు వైద్యం చేస్తారు.

మందు సీసాల్లో తెల్లటి పొడిలా ఉంటుంది. ఒక్కోదాంట్లో పది ఎంఎల్ నీళ్ళు ఎక్కించి కరిగించాలి, ఊపకూడదు, ఊపితే నురగ వస్తుంది. సిస్టర్ ఒక్కో సీసానీ రెండు అరచేతుల మధ్య పెట్టి, పాతకాలం కవ్వం తిప్పినట్టు మెల్లగా తిప్పుతుంటే నేను చూస్తూ ఉండలేక "నేనూ తిప్పనా" అన్నాను. ఒక క్షణం నా చేతులు చూసి, "కడుక్కుని రండి" అంది. పదిలో నాలుగు నేను తిప్పాను. అలా చేయనివ్వడం రూలో కాదో నాకు తెలియదు, ఆ సమయంలో ఉన్నది ఆవిడ ఒక్కతే, అవతల మంచం మీద రోడ్డు యాక్సిడెంటు కేసు అప్పుడే దించారు, డాక్టరు గారు అటు వెళ్ళిపోయారు. పది సీసాల మందూ సెలైన్లో కలిపి గంటలో ఎక్కేలా పెట్టింది.

ఇరవై నిమిషాలు అయిందో లేదో అత్తయ్య "అమ్మాయ్, దురద" అంది. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేస్తున్నాయి, వణుకు, ఊపిరి తీసుకోవడం కష్టమవుతోంది. నేను కేక వేసేలోపే సిస్టర్ వచ్చి డ్రిప్ ఆపేసి, తొడలో ఒక ఇంజెక్షన్ చేసింది, అడ్రినలిన్. అది ముందే సిరంజిలోకి తీసి ట్రేలో పెట్టుకుని ఉంది! ఈ మందు పడనివాళ్ళకి ఇలా అవుతుందని, అందుకే దాన్ని చేతికందేలా పెట్టుకునే మొదలుపెడతామని తర్వాత చెప్పింది. ఆపై ఇంకో రెండు ఇంజెక్షన్లు, ఆక్సిజన్. పది నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది. నేను ఇంక ఆ మందు వద్దేమో అనుకున్నాను, ఆవిడ ఒప్పుకోలేదు, "ఇది ఆపితే విషం ఆగదు" అని ఇంకాసేపు చూసి, డాక్టరు గారిని పిలిచి చూపించి, మెల్లగా చుక్క చుక్కగా మళ్ళీ మొదలుపెట్టింది. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: ఈ మందు ఏ క్లినిక్‌లోనో, ఆర్‌ఎంపీ దగ్గరో వేయించుకునేది కాదు. రియాక్షన్ వస్తే పట్టుకోగలిగిన చోటే వేయించాలి.

ఇక్కడే నాకు చెప్పాలనిపించే మాట ఒకటి ఉంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలని పరిశోధకులు లెక్కకట్టారు, అంటే ఏడాదికి సగటున 58 వేల దాకా. అందులో ఎక్కువమంది పల్లెలవాళ్ళే, పొలంలోనో పాకలోనో కరిచి, ఆసుపత్రి దాకా రానివాళ్ళు లేదా ఆలస్యంగా వచ్చినవాళ్ళు. మా పక్కనే ఉన్న దివిసీమలో 2018 ఆగస్టులో వరసపెట్టి పాముకాట్లు జరిగి జనం పొలాల్లోకి వెళ్ళడానికే భయపడితే, మోపిదేవి గుడిలో సర్పశాంతి హోమం కూడా జరిపించారు. మేమూ మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కేవాళ్ళమే, ఆ రాత్రి కూడా మావయ్య ముడుపు కట్టుకున్నారు. మొక్కు మొక్కుకుంటూనే కారు మాత్రం ఆసుపత్రి వైపు తిప్పండి. 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ పాముకాటు కేసులన్నీ తప్పనిసరిగా రిపోర్టు చేసేలా చూడమని రాష్ట్రాలకి రాసింది, అది సరిగా జరిగితే ఏ ఆసుపత్రికి ఎన్ని సీసాల మందు కావాలో ముందే తెలుస్తుంది. మా ఆసుపత్రి బీరువాలో ఆ రాత్రి మందు ఉంది. లేకపోయుంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది.

ఎనిమిదిన్నర ప్రాంతంలో అవుట్‌పోస్టు కానిస్టేబుల్ పుస్తకం పట్టుకుని వచ్చి పేరు, ఊరు, ఎలా జరిగింది అని అడిగేసరికి మావయ్యకి కాళ్ళు వణికాయి. "మా మీద కేసేంటి బాబూ?" అన్నారు. భయపడాల్సిందేమీ లేదు, పాముకాటుని ఎమ్మెల్సీగా రాస్తారు, అంటే పోలీసులకి సమాచారం ఇచ్చే కేసు. జరిగింది జరిగినట్టు చెప్పడమే. రేపు ప్రమాద బీమా లాంటిదేదైనా కావాలంటే ఆ కాగితమే పనికొస్తుంది. ఈ ఒక్కమాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పెద్దాయన అంత టెన్షన్ పడేవారు కాదు.

ఇప్పుడు బాగాలేనివి రాస్తాను.

డాక్టరు గారు వైద్యం బాగా చేశారు, ఆ విషయంలో వంక పెట్టను. మాతో మాత్రం మాట్లాడలేదు. రెండుసార్లు "ఎలా ఉందండీ" అని అడిగితే "చూస్తున్నాంగా" అన్నారు. ఒక్క డాక్టరు, మొత్తం క్యాజువాలిటీ, అవతల కుర్రాడి తలకి కుట్లు, తర్వాత ఫిట్స్‌తో ఒక చంటిపిల్లాడు. అలసట నాకు కనపడుతూనే ఉంది. అయినా అర నిమిషం చాలు కదా, "రక్తం గడ్డకట్టడం లేదు, మందు ఎక్కుతోంది, ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తాం, మూత్రం తగ్గితే గుంటూరు జీజీహెచ్‌కి, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, పంపుతాం" అని. ఈ నాలుగు ముక్కలూ నేను సిస్టర్ దగ్గర, ఎమ్ఎన్ఓ దగ్గర, కేస్ షీటు దగ్గర ఏరుకోవాల్సి వచ్చింది. తెలియనితనమే భయం పెంచుతుంది, ఆ భయంలోనే జనం మధ్యలో పేషెంటుని లేపుకుని ప్రైవేటుకి వెళ్ళిపోతారు. తొమ్మిదింటికి మా ఆడపడుచు మళ్ళీ ఫోన్ చేసి "ఏమంటున్నారు డాక్టర్లు" అంటే నా దగ్గర ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటి లేదు.

రాత్రి ల్యాబు లేదు. కిడ్నీల పనితీరు తెలియడానికి క్రియాటినిన్ చూడాలి, దానికి రక్తం సీసా పట్టుకుని పక్కింటి అబ్బాయి ఎదురు రోడ్డులో ప్రైవేటు ల్యాబుకి పరిగెత్తాడు. 1.1 వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాం. పాముకాట్లు సాయంత్రం, రాత్రి కూడా వస్తాయి, మరి ల్యాబు సాయంత్రమే మూసేస్తే ఎలా?

మంచం మీద నుంచి వార్డుకి స్ట్రెచర్ మీద మార్చినందుకు ఒకతను "టీ ఖర్చులకి" అని వంద అడిగాడు. మావయ్య ఇచ్చేశారు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు, కానీ మనిషి మంచం మీద ఉన్నప్పుడు ఎవరికైనా గొంతు లేస్తుందా? వంద గురించి కాదు నా బాధ. కూలికెళ్ళేవాళ్ళు "అక్కడ అడుగడుగునా అడుగుతారు" అని విని అసలు రావడమే మానేస్తారు, అది ప్రాణం మీదికి తెస్తుంది.

బాత్రూముల సంగతి ఎక్కువ రాయను. లైటు లేదు, గడియ లేదు, సెలైన్ స్టాండు పట్టుకుని ఒకళ్ళు, ఫోన్ లైటు పట్టుకుని ఒకళ్ళు వెళ్ళాలి. మంచినీళ్ళు బయట కొనుక్కోవాలి. తోడున్నవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల, దాని మీద ఎనిమిదిమందిమి. దోమలు. వెళ్ళేటప్పుడు దుప్పటి, చెంబు, టార్చి, ఫోన్ చార్జరు, నీళ్ళ బాటిల్, ఆధార్ కార్డు పట్టుకెళ్ళండి, మీ ఇల్లు దగ్గరైతే తర్వాత తెప్పించుకోండి, అవి వెతుకుతూ మాత్రం బయల్దేరడం ఆలస్యం చెయ్యకండి.

రాత్రి ఒంటిగంటన్నరకి మళ్ళీ ట్యూబు. సిస్టర్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, అయినా లెక్క తప్పలేదు, గోడ గడియారం చూసి కేస్ షీటులో టైము రాసి నిలబెట్టింది. ఈసారీ జారింది, కానీ మొదటిసారంత పలచగా లేదు, అడుగున చిన్న తునక లాంటిది కనపడింది. ఫిజీషియన్ గారికి ఫోన్ చేసి ఇంకో పది సీసాలు మొదలుపెట్టారు. ఈసారి రియాక్షన్ రాలేదు. రాత్రంతా మూత్రం ఒక కొలత సీసాలో పట్టి ఎంతో, ఏ రంగులో ఉందో నేను కాగితం మీద రాసుకున్నాను, ఆ పని నాకు అప్పగించింది కూడా ఆవిడే. "ఎర్రగా గానీ, మరీ తక్కువగా గానీ వస్తే నన్ను లేపండి, మొహమాటపడొద్దు" అంది. నిద్రపోయింది ఎప్పుడని, లేపడానికి? పొద్దున ఎనిమిదిన్నరకి మూడో ట్యూబు. డ్యూటీ మారి వేరే సిస్టర్ వచ్చింది, అయినా రాత్రి ఆవిడ వెళ్ళకుండా అది వంచేదాకా నిలబడింది. వంచింది. కదలలేదు. ట్యూబు తలకిందులు చేసి చూపించింది, రక్తం అడుగున ముద్దలా అంటుకుపోయి ఉంది. మావయ్య రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దణ్ణం పెట్టారు. ఆవిడ "అయ్యో నాన్నగారూ" అని బ్యాగు సర్దుకుని బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులున్నాం. క్రియాటినిన్ రెండో రోజు 1.3 దాకా పోయి మళ్ళీ 1.0కి వచ్చింది. చెయ్యి భుజం దాకా వాచి, నీలాలు కమ్మి, వేలు చివర తోలు నల్లబడి ఊడింది, రోజూ డ్రెస్సింగ్ చేశారు. మాకైన ఖర్చు చెబుతాను: 20 సీసాల ఏఎస్‌వీ, మిగతా మందులు, మంచం, భోజనం, అన్నీ ఉచితం. బయట ల్యాబుకీ, కారు పెట్రోలుకీ, నీళ్ళకీ, ఆ వందకీ కలిపి మూడువేలు దాటలేదు. ప్రైవేటులో ఒక్కో సీసా ధరే వందల్లో ఉంటుంది, దానికి ఐసీయూ బిల్లు కలపండి. డబ్బున్నవాళ్ళయినా సరే, మొదటి డోసు దగ్గర్లో ఎక్కడ దొరికితే అక్కడ వేయించుకుని, కావాలంటే తర్వాత వెళ్ళండి. మా దగ్గర డయాలసిస్ లేదు, వెంటిలేటరు లేదు, కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నా, కట్లపాము కరిచి కనురెప్పలు వాలిపోయి ఊపిరి అందకపోయినా వాళ్ళే పెద్దాసుపత్రికి రాస్తారు. అప్పుడు కూడా మందు మొదలుపెట్టే పంపిస్తారు, అదే తేడా.

డిశ్చార్జి రోజు గాజుల పొట్లం ఇచ్చారు, ఎనిమిదీ ఉన్నాయి. చెయ్యి ఇంకా వాపే, ఎక్కలేదు, అత్తయ్య వాటిని ఎడమచేతికి వేసుకుని ఇంటికొచ్చింది.

ఒక్క ముఖ్యమైన సంగతి మాత్రం డిశ్చార్జి అప్పుడు ఎవరూ చెప్పలేదు, కేస్ షీటులోనూ రాయలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇంటికొచ్చిన వారానికి అత్తయ్యకి జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, మోకాళ్ళు మడవలేనంత కీళ్ళ నొప్పులు. విషం తిరగబెట్టిందని ఊరంతా భయపెట్టారు, పత్యం పాటించలేదన్నారు. మళ్ళీ అదే ఆసుపత్రికి, ఈసారి పగలు ఓపీకి వెళ్ళాం. ఫిజీషియన్ గారు చూడగానే చెప్పేశారు, ఇది విషం కాదు, గుర్రం సీరమ్‌కి ఒళ్ళు ఆలస్యంగా తిరగబడటం, ఒకటి రెండు వారాల్లో కొందరికి వస్తుంది, తగ్గిపోతుంది. ఐదు రోజులకి మాత్రలు రాశారు. మూడో రోజుకే జ్వరం పోయింది, అత్తయ్య లేచి మళ్ళీ పాకలోకి వెళ్ళింది, చేతిలో పొడుగాటి కర్రతో, ముందు పిడకలన్నీ కదిపి చూసుకుని.